చిత్రకారుడైన తండ్రి అసలు పేరు వెతుక్కుంటూ: రాజమండ్రి, బందరు, వేటపాలెం, మద్రాసు

బొమ్మ కింద సంతకం ఒకటి, బడి రిజిస్టరులో పేరు ఒకటి, ఆస్తి కాగితాల్లో ఇంటిపేరు మరొకటి. స్వాతంత్ర్యానికి ముందు కోస్తాలో పుట్టిన చిత్రకారుల పిల్లలు చాలామందికి ఈ చిక్కు ఎదురవుతుంది. దత్తత వెళ్లిన సంగతి, ఇంట్లో ఎవరూ ఎత్తని మొదటి పెళ్లి, బొమ్మలేస్తానన్నందుకు తెగిపోయిన పుట్టింటి బంధం, ఇలాంటిదేదో వెనక ఉంటుంది. తేల్చుకోవాలంటే ఈ నాలుగు ఊళ్లకూ కలిపి తొమ్మిది పది రోజులు పెట్టుకోండి. వెతికే పిల్లలకే ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లు ఉంటాయి కాబట్టి ఎక్కడ దిగినా కింది అంతస్తు గదో, లిఫ్టో ఉందని ముందే అడిగి డబ్బు కట్టండి.

మొదలు రాజమండ్రిలో, అదీ గ్యాలరీలో కాదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. బొమ్మలు ముందు చూస్తే మనసు నిండిపోతుంది, కాగితం మీద ఓపిక ఉండదు. ఆదివారం సాయంత్రానికి చేరుకుని మూడు రాత్రులు ఉండండి. ఎక్స్‌ప్రెస్ బళ్లు ఎక్కువగా పెద్ద స్టేషన్లోనే ఆగుతాయి. బస మాత్రం గోదావరి స్టేషన్ వైపు చూసుకుంటే మేలు, సాయంత్రం గట్టు మీద నడవొచ్చు. 2027 పుష్కరాల రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి, గది దొరకదు, ఆఫీసుల్లో మనిషీ దొరకడు.

ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి ఆఫీసులో చేత్తో వెతికించాలి, దానికి పేరు, ఊరు, సుమారు సంవత్సరాలు రాసి దరఖాస్తు పెట్టాలి. 'ఏదైనా ఉందేమో చూడండి' అంటే ఎవరూ చూడరు. మూడేళ్లు, ఐదేళ్ల చొప్పున వ్యవధి విడగొట్టి అడగండి. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఉండే ఒకటో పుస్తకం, దాని సూచిక రుసుము కడితే ఎవరైనా చూడొచ్చు. వీలునామాలు, దత్తత తీసుకోవడానికి ఇచ్చిన అధికార పత్రాలు మూడో పుస్తకంలో ఉంటాయి, రాసిన మనిషి పోయాక వాటి నకలు ఎవరడిగినా ఇస్తారు. నాలుగో పుస్తకం మాత్రం రాసినవాళ్లకూ, దాని కింద హక్కున్నవాళ్లకూ, వాళ్ల ప్రతినిధులకే. దత్తత పత్రం ఇందులో ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి తండ్రి మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం వెంట ఉండాల్సిందే. అవి లేక చాలామంది ఉత్త చేతులతో వెనక్కి వస్తుంటారు.

ఇక్కడ అసలు వెలుగు పంపకాల దస్తావేజులోనూ, భార్యకు పోషణ ఖర్చు రాసిచ్చే మనోవర్తి దస్తావేజులోనూ ఉంటుంది. పంపకాల్లో కొడుకులందరి పేర్లూ, ఎవరు ఎవరికి దత్తత వెళ్లారో రాసి ఉండొచ్చు. మనోవర్తి కాగితంలో ఇంట్లో ఏనాడూ పలకని ఆవిడ పేరు కనబడొచ్చు. నకలు చేతికొచ్చాక అక్కడే నిలబడి చదవకండి, గదికి వెళ్లి తోడు మనిషిని పక్కన పెట్టుకుని చదవండి.

జనన రిజిస్టర్ల దగ్గర జరిగే పొరపాటు వేరు. పాత రిజిస్టర్లలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. తండ్రి పేరు, తేదీ, ఆడా మగా అన్నదాన్ని బట్టే వెతకాలి. పేరుతో వెతికించి, లేదన్నారని లభ్యం కాలేదన్న పత్రం పుచ్చుకుని వచ్చేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. ఇంకొకటి, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడకముందు భీమవరం, నరసాపురం తాలూకాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. 2022లో జిల్లాలు మళ్లీ మారాయి. ఏ రిజిస్టరు ఇప్పుడు ఎవరి బీరువాలో ఉందో బయల్దేరేముందే ఫోన్‌లో కనుక్కోండి.

మూడో రోజు దామెర్ల రామారావు గ్యాలరీకి. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆయన బొమ్మలతో పాటు చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, శిష్యుడు వరదా వెంకటరత్నం చేతి పనీ చూడాలి. గోదావరి తీరంలో బొమ్మలు నేర్చిన తరం గీత ఎలా నడిచిందో అక్కడ పట్టుబడుతుంది, మీ ఇంట్లో ఉన్న బొమ్మ ఆ గాలి పీల్చిందో లేదో తెలుస్తుంది. ఫోటోలకు అనుమతి అడిగి తీయండి. ఇంటి బొమ్మలు వెంట మోసుకురావద్దు. వెనకవైపు ఫోటో తెచ్చుకుంటే చాలు, చట్రం చెక్క మీద రాతలు, పటం కట్టిన దుకాణం చీటీ, ప్రదర్శన చీటీ కనబడేలా. సంతకం చెరిగినట్టుంటే టార్చి పక్కవాటుగా పట్టి తీయండి, గీతలు పైకి తేలతాయి.

బందరుకు గుడివాడలో బండి మారి వెళ్లొచ్చు. ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రకళ నేర్పిన రోజుల్లో చదివినవాళ్ల జాడ కోసమే ఇక్కడికి. కాగితాలు దొరుకుతాయన్న ఆశ తక్కువ పెట్టుకోండి. ఒక రోజు చాలు, బస విజయవాడలో పెట్టుకున్నా ఫరవాలేదు, దూరం డెబ్బై కిలోమీటర్లే.

వేటపాలెం సారస్వత నికేతనాన్ని మాత్రం తప్పించుకోవద్దు. 1918 నాటి గ్రంథాలయం, పాత తెలుగు పత్రికలకు పెట్టింది పేరు. ఆంధ్రపత్రిక ఉగాది సంచికల్లో, 1924లో మొదలైన భారతిలో రంగుల బొమ్మలు వేసేవారు, బొమ్మ కింద చిత్రకారుడి పేరు ఉండేది. ఇంటిపేరు ఏ సంవత్సరంలో మారిందో ఈ వరసలో తేలవచ్చు. కాగితం పెళుసు, జిరాక్స్ అడగకండి, ఫ్లాష్ లేకుండా ఫోటోకు అనుమతి తీసుకోండి. బస చీరాలలో చూసుకోవాలి.

మద్రాసులో ఎగ్మూరే సుఖం. సెంట్రల్‌లో దిగినా మెట్రోలో ఒక్క స్టేషనే. కెన్నెట్ లేన్ లాడ్జీలు చవక, రద్దీ ఎక్కువ. వీధి వైపు కాకుండా వెనక గది అడగండి. తమిళనాడు ఆర్కైవ్స్, కన్నెమరా గ్రంథాలయం, ఆర్ట్ కాలేజీ మూడూ చుట్టుపక్కలే. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన 1953 అక్టోబరు 1కి ముందు ఆంధ్ర జిల్లాల ప్రభుత్వ దస్త్రాలు చాలావరకు మద్రాసువే. ఆర్కైవ్స్‌కు గుర్తింపు కార్డు, ఏదైనా సంస్థ ఇచ్చిన పరిచయ లేఖ, ఏ శాఖ ఏ సంవత్సరమో స్పష్టంగా రాసిన అర్జీ కావాలి. అనుమతికే రోజు పోతుంది, నకళ్లకు ఇంకా ఎక్కువ.

1850లో మొదలైన ఆ ఆర్ట్ కాలేజీకి దేవీప్రసాద్ రాయ్‌చౌధురి 1929 నుంచి 1950ల చివరిదాకా పెద్ద. అంట్యాకుల పైడిరాజు లాంటి తెలుగువాళ్లు ఆయన దగ్గర నేర్చుకున్నారు. ప్రవేశ రిజిస్టరు గురించి ప్రిన్సిపాలుకు ముందే ఉత్తరం రాయండి, తండ్రి చదివిన సంవత్సరాలు, వారసత్వ రుజువు జతపరచండి. చూపిస్తే సంరక్షకుడి గడి చూడండి. ఫీజు కట్టింది తండ్రా, మామయ్యా, దత్తత తీసుకున్నవాళ్లా అన్నది అక్కడే ఉంటుంది. ఇంజంబాక్కంలో 1966లో మొదలైన చిత్రకారుల పల్లె చోళమండలానికి సగం రోజు కేటాయించండి. అక్కడ పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు పాత ఫోటో ముందు పెట్టి పేరు వాళ్లనే చెప్పనివ్వండి, మనం పేరు చెప్పేస్తే వాళ్లూ అదే అంటారు.

కొత్త పేరు బయటపడితే ఆ కుటుంబంలో బతికున్నవాళ్లు ఉంటారు. చెప్పకుండా గుమ్మంలో నిలబడకండి, ముందు ఒక ఉత్తరం, జవాబుకు వ్యవధి. ఆ పేరుతో సూచికలు మళ్లీ తిరగేయించాలి కాబట్టి, తిరుగు టికెట్టు రాజమండ్రి మీదుగా, అక్కడ ఒక పనిదినం పడేలా చేయించుకోండి.