డ్రీమ్ థియేటర్ అయిపోయింది, ఇప్పుడేం ఇనాలె? నా ఓటు బ్లాక్‌వాటర్ పార్క్‌కే

డ్రీమ్ థియేటర్ అనే అమెరికా బ్యాండ్‌ది 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' ఇన్నంక రెండు నెలలు నాకు వేరే ఏ పాట ఎక్కలే. 1992ల వచ్చిన ఆల్బమ్, మొత్తం ఎనిమిదే పాటలు, మొదటిది 'పుల్ మీ అండర్' ఎనిమిది నిమిషాలు నడిచి నడిచి ఒక్కసారే టక్కున తెగిపోతది, నేనైతే నెట్ పోయిందనుకొని మళ్ల పెట్టిన, మళ్ల అక్కడ్నే తెగింది, అప్పుడు సమజైంది కావాలనే అట్ల కోసిన్రని. ప్రోగ్రెసివ్ మెటల్, అంటే గట్టి గిటార్లు, పొడుగు పాటలు, నడుమ నడుమ మారే తాళాలు ఉండే రాక్ సంగీతం, అదేందో తెల్వకుండనే అందుల పడ్డ. పడ్డంక ఇంకోటి కావాలె గద, ఎవల్నడిగినా ఒక్కొక్కలు ఒక్కో పేరు చెప్తరు, ఒక్కో ఆల్బమ్ గంటకు పైనే, అన్ని ఇనేంత టైమ్ డ్యూటీ చేసుకునేటోనికి యాడికెళ్లి వస్తది?

మస్తుమంది చెప్పింది అదే బ్యాండ్‌ది 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ', 1999ది. ఒక పిల్లగాడు తన పోయిన జన్మల జరిగిన హత్యను యాది చేసుకునే కథ, 77 నిమిషాలు మొత్తం ఒక్కటే కథ. పునర్జన్మ కథ మనకేం కొత్త కాదు గాబట్టి దిమాక్‌ల తొందరగనే కూసుంటది. అందుల 'ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' అని ఆరు నిమిషాల ముక్క ఉంటది, పాటనే ఉండదు, ఒట్టి వాయిద్యమే, తాళం లెక్క వంద కంటే ఎక్కువ సార్లు మారుతదని డ్రమ్స్ కొట్టేటోళ్లు లెక్కగట్టిన్రు. సూపర్ ఆల్బమ్, మాటే లేదు. కానీ రెండోది కూడ అదే బ్యాండ్ ఇంటే ఆ బ్యాండ్ తెలుస్తది గని ఈ సంగీతం ఎంత పెద్దదో తెల్వది, అందుకే దాన్ని మూడోదానికి పెట్టుకోండ్రి. టూల్ అనే బ్యాండ్‌ది 'లాటరలస్' ఆల్బమ్ కూడ చెప్తరు, ఒక పాటల అక్షరాలు ఒకటి ఒకటి రెండు మూడు ఐదు ఎనిమిది లెక్కన పెరుగుతయ్, అది ఇంట్రెస్టింగే, కానీ ఆ మత్తు ఎక్కడానికి టైమ్ పడ్తది.

నేను తీస్కున్నది ఓపెత్ 'బ్లాక్‌వాటర్ పార్క్'. స్వీడన్ బ్యాండ్, 2001ల వచ్చిన ఐదో ఆల్బమ్, ఎనిమిది పాటలు, 67 నిమిషాలు. పోర్క్యుపైన్ ట్రీ అనే ఇంగ్లండ్ బ్యాండ్ నడిపే స్టీవెన్ విల్సన్ దీనికి ప్రొడక్షన్‌ల చెయ్యేసిండు, అందుకే గొంతు మీద గొంతు పేర్చినట్టు, నడుమ నడుమ పియానో, ఏ వాయిద్యానికి ఆ వాయిద్యం విడిగ వినబడ్తది.

ఇగ అసలు ముచ్చట, గ్రౌలింగ్, అంటే గర్జించినట్టు బొంగురు గొంతుతోని పాడుడు. కొత్తగ ఇనేటోళ్లు ఆగిపోయేది అక్కడ్నే, నేను గూడ ఆగిన. మొదటి పాట 'ద లెపర్ ఎఫినిటీ' మొదలైన కాసేపటికే లోపట కడుపులకెళ్లి ఒక బొంగురు గొంతు వస్తది, ఇదేం పాట అనిపించి బంద్ జేసిన. వారం అయినంక మళ్ల పెట్టిన, ఈసారి ఒకటి పట్టుకున్న: ఆ బొంగురు గొంతు, తర్వాత మెల్లగ మెత్తగ పాడే గొంతు, రెండూ ఒక్క మనిషివే, మైకేల్ ఓకర్‌ఫెల్ట్‌వి. అప్పుడు నాకు చిన్నప్పుడు మా ఊళ్లె చూసిన ఒగ్గు కథ యాదికొచ్చింది. ఆ కథ చెప్పేటాయన ఒక్కడే రాజు అయితడు, ఒక్కడే ఏడ్చే తల్లి అయితడు, కోపమొచ్చిన దేవుడు అయితడు, గొంతు మార్చినప్పుడల్లా మనిషే మారినట్టు ఉంటది, పక్కన డోలు కూడ అట్లనే మారుతది. అక్కడ ఎవలూ ఆ అరుపేందని అడగరు, అది ఆ పాత్ర గొంతు. ఓపెత్‌ల గూడ అంతే. గ్రౌలింగ్‌ను పాట లెక్క కాదు, పాత్ర లెక్క ఇనుండ్రి, పదినిమిషాలల్ల అలవాటైతది.

వరుసగ మొదటి పాట కాడికెళ్లి మొదలువెట్టకుండ్రి. ముందు 'హార్వెస్ట్' ఇనుండ్రి, అందుల గ్రౌలింగ్ ఒక్క ముక్క లేదు, అకౌస్టిక్ గిటార్, మెత్తటి గొంతు, అంతే. తర్వాత 'ద డ్రేపరీ ఫాల్స్', దగ్గర దగ్గర పదకొండు నిమిషాలు. సగం దాకా తేలుకుంట తేలుకుంట పోతది, మీరు పూర్తిగ మునిగినంక ఆ బొంగురు గొంతు లేస్తది, అప్పటికి మీకు భయం ఉండదు, ఇంకా కావాలె అనిపిస్తది. మళ్ల చివరకొచ్చి మొదటి చోట్నే దింపుతది. నేనిది కాజీపేటల బండెక్కి సికింద్రాబాద్ పోయేటప్పుడు కిటికీ పక్కన కూసొని ఇన్న, ఘన్‌పూర్ అవుతల గుట్టలు, పత్తి చేన్లు పోతుంటే ఎందుకో కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మొత్తం ఆల్బమ్ ఇంటే జనగామ దాటినంక యాడనో అయిపోతది.

తక్కువలు లేవా అంటే ఉన్నయ్. 'డర్జ్ ఫర్ నవంబర్' కాడ జర సాగదీసినట్టే అనిపిస్తది, ఇప్పటికీ అక్కడ నా మనసు పక్కకు పోతది. మెత్తటి భాగం చాన చిన్న సౌండ్‌తోని, గట్టిగ కొట్టే బరువు భాగం ఒక్కసారి పెద్ద సౌండ్‌తోని వస్తది గాబట్టి బస్సుల ఇంటే సౌండ్ పెంచుడు తగ్గించుడే సరిపోతది, ఇంట్ల రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకొనే ఇనాలె.

ఇంకోటి, చానమంది "గ్రౌలింగ్ వద్దనుకుంటే అదే బ్యాండ్‌ది 2003ల వచ్చిన 'డామ్నేషన్' ఇను" అంటరు. అది మొత్తం మెత్తటి గొంతే, మస్తు అందమైన ఆల్బమ్, వాన పడేటప్పుడు నేను ఇప్పటికీ పెడ్త. కానీ నేను మొదట గదే తొవ్వల పోయిన, పోయి మూడు నెలలు అక్కడ్నే ఉండిపోయిన, బరువు ఆల్బమ్‌లు నాకు అంత దూరమే ఉన్నయ్. రెండు గొంతులు ఒక్క పాటల ఎందుకు కావాలెనో 'డామ్నేషన్' చెప్పదు, 'బ్లాక్‌వాటర్ పార్క్' చెప్తది. ఇది ఇన్నంక అది ఇనుండ్రి, అప్పుడు దాని అందం ఇంకింత తెలుస్తది. దాని తర్వాత 2005ది 'ఘోస్ట్ రెవరీస్'.

మా చిన్నాయన కొడుకుకు గిదే వరుస రాసిచ్చిన, వాడు ఇంతకుముందు సినిమా పాటలు తప్ప ఏమీ ఇనలే. నిన్న రాత్రి పదకొండింటికి హన్మకొండకెళ్లి ఫోన్ జేసిండు, "అన్నా, హార్వెస్ట్ నాలుగుసార్లు ఇన్న, రెండోది పెట్టాల్నా ఇప్పుడు?" అన్నడు. పెట్టు తమ్మీ, ఐదో నిమిషం దాకా మాత్రం ఆపకు అని చెప్పిన.