మామునూరు నుంచి వెళ్లి చూసిన ఒక చిన్న ఎయిర్‌పోర్టు: మా తమ్ముడి ఫ్లయింగ్ క్లబ్ రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, ఐదుకు నాలుగు. ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాశాను. కాస్త పెద్దదే, ఓపికగా చదవండి, ముఖ్యంగా మన వరంగల్ వాళ్లు.

మాది రంగశాయిపేట. ఖమ్మం రోడ్డు మీద మామునూరు దగ్గరున్న ఆ పాత రన్‌వే మీదే నేను సైకిల్ నేర్చుకున్నా, తర్వాత తమ్ముడు మా బాపు చేతక్ స్కూటర్ నేర్చుకున్నదీ అక్కడే. నిజాం కాలంలో 1930లో వచ్చిన విమానాశ్రయం అది, ఆజంజాహి మిల్లుకి, కాగజ్‌నగర్ పేపరు మిల్లుకి అక్కరకొస్తుందని కట్టారని చెప్తారు. 1981లో మూతపడింది. మాకు గుర్తున్నదల్లా పగుళ్లలో మొలిచిన గడ్డి, ఆ గడ్డి మేస్తున్న మేకలు. "గీడ ఇమానాలు దిగేటియి బిడ్డా" అని బాపు చెప్తే మేం నమ్మేవాళ్లం కాదు.

ఆ తమ్ముడు ఇప్పుడు టెక్సస్‌లో ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకున్నాడు. మొన్న ఎండాకాలం రెండు నెలలు వాడి దగ్గర ఉండి వచ్చాను. వాడు సభ్యుడిగా ఉన్న ఫ్లయింగ్ క్లబ్ ఒక చిన్న ఊరి ఎయిర్‌పోర్టులో ఉంది. ఒకటే రన్‌వే, కంట్రోల్ టవర్ లేదు, రేకుల షెడ్ల లాంటి హ్యాంగర్లు. ముప్పై మంది దాకా సభ్యులు కలిసి సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానాలు మూడు నడుపుకుంటున్నారు. కొత్తవాళ్లకి పరిచయ విమానం అని ఒక అరగంట తిప్పి చూపిస్తారు, నేను రాస్తున్నది మొదట దాని గురించే అయినా, నిజానికి నన్ను కట్టిపడేసింది ఆ అరగంట కాదు.

పొద్దున ఆరున్నరకి వెళ్లాం. తమ్ముడు విమానం చుట్టూ తిరుగుతూ రెక్క కింద ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టి కొంచెం పెట్రోల్ పట్టాడు, ఆకాశం వైపు ఎత్తి చూశాడు. లేత నీలం రంగు. "నీళ్లుంటే అడుగున బుడగలా నిలబడుతయి అన్నా, ఇంజన్ గాల్లోనే ఆగిపోతది" అన్నాడు. రెండో రెక్క కింద కూడా అంతే ఓపికగా. చిన్నప్పుడు వీడికి సైకిల్ చెయిన్‌కి నూనె వెయ్యమంటే పారిపోయేవాడు! చూస్తుంటే కళ్లు చెమర్చాయి, చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

గాల్లోకి లేచాక నేరుగా పోకుండా కుడికి తిప్పి, కొంత దూరం హైవే వెంటే పోయాడు. ఎందుకురా అంటే, "నేరుగా పోతే కింద బడి ఉంది" అన్నాడు. ఎవరు పెట్టారు ఈ రూలు అని అడిగా. ఎవరూ పెట్టలేదు, సభ్యులే పెట్టుకున్నారు. దిగాక ఆఫీసు గోడ మీద మ్యాప్ చూపించాడు: ఎర్ర పెన్సిల్‌తో బడి, వృద్ధాశ్రమం, ఒకాయన గుర్రాల కొట్టం చుట్టూ సున్నాలు చుట్టి ఉన్నాయి. గుర్రాలు ఈనే నెలలు కూడా పక్కన రాసి పెట్టుకున్నారు.

ఇది ఎందుకింత పట్టుకున్నానంటే, అమెరికాలో చిన్న ఎయిర్‌పోర్టులు ఎట్లా మూతపడతాయో తమ్ముడు చెప్తే నాకు మామునూరే కళ్ల ముందు మెదిలింది. ముందు పక్కన పొలాలు ప్లాట్లవుతాయి. ఇళ్లు వస్తాయి. వచ్చినవాళ్లు ఈ మోత ఏంటని అడుగుతారు, అడగడంలో తప్పు కూడా లేదు. ఊరి కౌన్సిల్‌కి ఆ స్థలం ధర కనిపిస్తుంది. పదేళ్లకు రన్‌వే పోతుంది. షికాగో మెగ్స్ ఫీల్డ్ అయితే అంత కూడా ఆగలేదు, 2003 మార్చి 30 రాత్రి నగర మేయర్ బుల్డోజర్లు పంపించి రన్‌వే మీద పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వించాడు, తెల్లారేసరికి పదహారు విమానాలు అక్కడే ఇరుక్కుపోయాయి. నగరానికి పడిన జరిమానా 33,000 డాలర్లు, అంతే! శాంటా మోనికాది నిదానంగా జరుగుతున్న కథ, 2017లో ఒప్పందం కుదిరి రన్‌వేని 3,500 అడుగులకి కుదించారు, 2028 ఆఖరు తర్వాత మూసుకునే హక్కు నగరానికి వచ్చింది.

దీనికి వాళ్ల పైలట్లు చేసుకున్న ఏర్పాటు నాకు బాగా నచ్చింది. 1939లో పుట్టిన వాళ్ల పైలట్ల సంఘం, ఏఓపీఏ అంటారు, 1997 నుంచి ఎయిర్‌పోర్టుల వారీగా అక్కడే ఎగిరే పైలట్లలో ఒకరిని వాలంటీరుగా పెట్టుకుంటోంది. జీతం ఉండదు. పనల్లా ఊళ్లో ఏం జరుగుతోందో కనిపెట్టి చెప్పడం. తమ్ముడి క్లబ్‌లో ఆ పని చేసే పెద్దాయన వారం వారం కౌన్సిల్ నోటీసులన్నీ చదువుతాడు, ఎక్కడ ఇళ్లకి అనుమతి అడిగారు, ఎక్కడ టవర్ లేపుతున్నారు అని. ఎయిర్‌పోర్టు బాగు కోసం అక్కడి కేంద్ర ప్రభుత్వం గ్రాంటు తీసుకుంటే మామూలుగా ఇరవై ఏళ్లు దాన్ని నడపాలనే షరతు ఉంటుందట, ఆ కాగితాలన్నీ ఫైలు కట్టి పెట్టుకున్నాడు, ఏ గ్రాంటు ఏ సంవత్సరం అని అడిగితే టక్కున చెప్పాడు.

నేనున్నప్పుడే ఒక సాయంత్రం కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లాం. రన్‌వే చివర అపార్ట్‌మెంట్లకి అనుమతి విషయం. మనిషికి మూడు నిమిషాలు. ఆరుగురు పైలట్లు వచ్చారు, ఒక్కరు కూడా మాకు ఎగరడం ఇష్టం అని మాట్లాడలేదు. ఒకామె అంబులెన్స్ హెలికాప్టర్ రాత్రిపూట ఇక్కడ ఎన్నిసార్లు పెట్రోల్ పోసుకుందో నెలవారీగా చదివింది. ఇంకొకాయన పొలాలకి మందు కొట్టే విమానాల గురించి, ఆ పత్తి రైతుల పేర్లతో సహా. మా తమ్ముడి వంతు వచ్చేసరికి గొంతు వణికింది, అయినా హ్యాంగర్ అద్దెల మీద ఊరికి వచ్చే డబ్బు లెక్క చెప్పి కూర్చున్నాడు. ఆ రోజు ఏమీ తేలలేదు, వాయిదా వేశారు. ఆ వాయిదా కోసమే వచ్చాం అన్నాడు పెద్దాయన.

నెలలో మొదటి శనివారం హ్యాంగర్ తలుపులు తీసి ఊళ్లో వాళ్లందరికీ టిఫిన్ పెడతారు. పైలట్లే అట్లు పోస్తారు, మీకు తోచినంత ఇవ్వండని డబ్బా పెడతారు. పిల్లలు వరసగా సీట్లో ఎక్కి కూర్చుంటారు. పిల్లల్ని ఉచితంగా ఎక్కించుకుని తిప్పే కార్యక్రమం ఇంకొకటి ఉంది, యంగ్ ఈగల్స్ అని, 1992 నుంచి నడుస్తోంది, 8 నుంచి 17 ఏళ్ల వాళ్లకి. మా తమ్ముడి కూతురు దాంట్లో ఎగిరి దిగి, వాళ్ల క్లాసులో ఇంకో ఐదుగురిని లాక్కొచ్చింది.

ఆ టిఫిన్ రోజే కొత్త కాలనీ నుంచి ఒకావిడ కోపంగా వచ్చింది, చేతిలో నోట్‌బుక్, ఏ రోజు ఎన్ని గంటలకి మోత వచ్చిందో రాసుకుని. నేను గొడవ అవుతుందనే అనుకున్నా. పెద్దాయన అట్లకాడ పక్కన పెట్టి చేతులు తుడుచుకుని, ఆ నోట్‌బుక్, తమ విమానాల లాగ్ పక్కపక్కన పెట్టుకుని ఆవిడతో ఒక గంట కూర్చున్నాడు. ఇది మాది, తప్పు మాదే. ఇది హెలికాప్టర్. ఇది మాది కాదు. ఆవిడ కోపం పూర్తిగా పోలేదు, కానీ ఇప్పుడు కౌన్సిల్‌కి బదులు ముందు క్లబ్‌కి ఫోన్ చేస్తోందట.

ఇక తగ్గించిన ఒక్క మార్కు సంగతి. ఆ నీలం రంగు పెట్రోల్‌లో సీసం ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. కాలిఫోర్నియాలో శాంటా క్లారా కౌంటీ వాళ్లు 2022 జనవరి నుంచి తమ ఎయిర్‌పోర్టుల్లో దాన్ని అమ్మడమే ఆపేశారు. ఈ క్లబ్‌లో ఎవరిని అడిగినా మాట మార్చారు. బడి మీదుగా ఎగరకుండా తిప్పుకుపోయేవాళ్లు ఈ విషయం కూడా పొరుగువాళ్లతో తామే ముందు మాట్లాడాలి, రేపు ఎవరో అడిగాక కాదు. ఖర్చు కూడా తక్కువేం కాదు, తమ్ముడికి గంటకి 180 డాలర్ల దాకా పడుతోంది. బుకింగ్ అయితే గాలి మారితే క్యాన్సిల్, నాకు రెండుసార్లు అయ్యింది, దానికి వాళ్లని అనను, ఎగరకపోవడమే మంచిది.

వచ్చాక ఒక ఆదివారం మామునూరు వైపు వెళ్లాను. 2025 ఫిబ్రవరి 28న మన విమానాశ్రయానికి కేంద్రం అనుమతి ఇచ్చాక మన దగ్గర సంబరాలు చేసుకున్నాం గుర్తుందా, శంషాబాద్‌కి 150 కిలోమీటర్ల లోపు ఇంకోటి రాకూడదన్న షరతు దాటడానికి ఎన్నేళ్లు పట్టిందో అందరికీ తెలుసు. ఇంకో 253 ఎకరాల కోసం రాష్ట్రం 205 కోట్లు మంజూరు చేసింది. భూములిచ్చిన రైతుల బాధ వేరే, దాని గురించి రెండు ముక్కల్లో రాయలేను. నేను చెప్పేది రోడ్డు పక్కన కనిపించిన బోర్డుల గురించి: ఎయిర్‌పోర్టుకి ఐదు నిమిషాలు, ఎయిర్‌పోర్టు ఫేసింగ్ ప్లాట్లు. ఇంకా విమానం రాకముందే! విమానాశ్రయం దగ్గర ఎత్తు కట్టడానికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్ఓసీ కావాలి, ప్లాట్ కొనేవాళ్లలో ఎంతమంది అడుగుతున్నారు? తమ్ముడి క్లబ్ పెద్దాయన లాంటి మనిషి ఒకరు మనకి ఇవాళే కావాలి, టెర్మినల్ కట్టాక కాదు.

మన జిల్లా పిల్లలు ఎయిర్‌లైన్స్‌లో పైలట్లుగా ఉన్నారు, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేసినవాళ్లున్నారు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒక పూట మామునూరు, నక్కలపల్లి బడుల్లో పిల్లలతో కూర్చోండి, మోత ఎంతుంటుంది, ఎటు నుంచి దిగుతాయి, ఎక్కడ ఇల్లు కట్టుకోకూడదు అని ఊళ్లో వాళ్లకి మీరే చెప్పండి. బేగంపేటలో 2008 మార్చిలో మామూలు ప్రయాణికుల విమానాలు ఆగినా శిక్షణ విమానాలు ఎగురుతూనే ఉన్నాయి, రన్‌వే బతికే ఉంది. మామునూరులోనూ పెద్ద విమానాల పక్కన రెండు చిన్న శిక్షణ విమానాలకి చోటు అడుగుదాం, ఇప్పుడే, ప్లాన్ గీసేటప్పుడే.

టెక్సస్ వైపు మీవాళ్లుంటే ఇలాంటి క్లబ్ ఒకటి వెతుక్కుని వెళ్లండి. పొద్దున ఎనిమిదిలోపే వెళ్లాలి, పది దాటితే ఎండకి కుదుపులు ఎక్కువ. ఖాళీ కడుపుతో మాత్రం ఎక్కొద్దు. దిగాక ఆ గోడ మీద మ్యాప్ చూపించమని అడగండి.