ఆస్కార్ నామినీలా, రాన్ డైమండ్ ఏరినవా?

పేరొచ్చిన యానిమేషన్ షార్ట్ ఫిల్ములను ఒకే టికెట్ మీద చూపించే ప్రదర్శనల్లో అమెరికాలో రెండింటి పేరు బాగా వినిపిస్తుంది. ఒకటి, అవార్డులకు ముందు థియేటర్లకు వచ్చే ఆస్కార్ నామినీల షో. రెండోది, నిర్మాత రాన్ డైమండ్ ఏర్చికూర్చిన 'యానిమేషన్ షో ఆఫ్ షోస్'.

నామినీల షోలో అసలు మజా పందెమే. నామినేషన్ దక్కిన ఐదూ చూసేసి ఏది గెలుస్తుందోనని ఇంటిల్లిపాదీ వాదించుకోవచ్చు. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ లెక్కలో 40 నిమిషాలకు మించనిదంతా షార్టే. అన్నీ పొట్టివే వచ్చిన ఏడాది నామినేషన్ దక్కని ఒకటి రెండు మంచివి కలిపి నిడివి సర్దుతారు. ఒక్కోసారి అసలుకన్నా ఆ కొసరే బాగుంటుంది!

డైమండ్ షో మొదట స్టూడియోలకూ యానిమేషన్ నేర్పే కాలేజీలకే పరిమితం. 2015లో మామూలు ప్రేక్షకుల ముందుకొచ్చింది. ఆ ఏడాది అందులో డాన్ హెర్ట్స్‌ఫెల్ట్ తీసిన 'వరల్డ్ ఆఫ్ టుమారో' ఉంది. బొమ్మలు చూస్తే పుల్లల్లాంటి గీతలే. నాలుగేళ్ల మేనకోడలు బొమ్మలేసుకుంటూ, ఆడుకుంటూ అన్న మాటలను రికార్డు చేసి, వాటి చుట్టూ కథ అల్లుకున్నాడాయన. తర్వాత అదే ఆస్కార్ నామినేషన్ కూడా కొట్టింది. అందుకే నా ఓటు డైమండ్‌కే: అకాడమీ ఓట్లకన్నా ఒక మనిషి అభిరుచి నాకు నచ్చుతుంది.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు మాత్రం ఏ షో అయినా జాబితా ముందే చూసుకోవాలి. యానిమేషన్ అనగానే పిల్లల సినిమా కాదు.