నలభై వేలకు మట్టిదిబ్బ, ఉత్త పుణ్యానికి సజ్జబువ్వ

నలభై వేల సేఫాలు, అంటే సెనెగల్‌లో చెల్లే ఫ్రాంకులు. మన డబ్బులో సుమారు ఆరు వేలు. సెనెగల్ నది ఒడ్డున పొడోర్ అనే ఊళ్లో ఒక గైడు చేతిలో అంత పోసి నేను చూసొచ్చింది ఒక మట్టిదిబ్బ. తక్రూర్ అనే పాత రాజ్యం రాజధాని చూపిస్తానన్నాడు మహానుభావుడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. కింద రాసినదాంట్లో అక్కడక్కడా సెగ తగిలితే ఏమీ అనుకోకండి.

సెనెగల్ రాజధాని డకార్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది జనవరిలో రమ్మన్నాడు. మా ఆవిడ సముద్రం ఒడ్డున కాళ్లు చాపుకుని కూర్చుందామనుకుంది. నాకేమో తక్రూర్ పిచ్చి. పడమటి ఆఫ్రికా పాత రాజ్యాలంటే ఘనా, మాలీ పేర్లు అందరూ చెబుతారు. అదే కాలంలో ఈ నది లోయలో తక్రూర్ అని ఇంకో రాజ్యం ఉండేదని, దాని రాజు వార్ జాబి ఘనా రాజులకంటే ముందే ఇస్లాం పుచ్చుకుని ప్రజల చేత కూడా పుచ్చుకునేలా చేశాడని, 1040 ప్రాంతంలో పోయాడని చదివాను. ఇదంతా రాసిపెట్టింది అల్ బక్రీ అనే భూగోళ రచయిత, 1068లో, స్పెయిన్‌లో కూర్చుని. ఆయన ఈ గడ్డ మీద అడుగే పెట్టలేదు. వచ్చిపోయే వర్తకుల్ని అడిగి రాసుకున్నాడు. డబ్బు పోసి వెళ్లి చూసిన నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు, ఖర్మ.

డకార్ నుంచి సెయింట్ లూయీకి 260 కిలోమీటర్ల పైమాటే. ఏడుగురిని కూరే పాత పెజో కార్లో మనిషికి 6,000 సేఫాలు, మా సూట్‌కేసులకు ఇంకో 2,000. సామానుకి బేరమాడొచ్చని దిగాక తెలిసింది. వెనక వరుస సీటు మాత్రం ఎవరిచ్చినా వద్దనండి, మోకాళ్లు గడ్డానికి తగులుతాయి.

సెయింట్ లూయీ అందమైన ఊరే. నది మధ్య సన్నటి దీవి, 1897 నాటి ఇనుప వంతెన, రంగులు వెలిసిన ఫ్రెంచి మేడలు, యునెస్కో గుర్తింపు, అన్నీ ఉన్నాయి. మా బస మాత్రం ఘోరం. గదికి 32,000 తీసుకుని, మంచానికి కట్టిన దోమతెరలో అరచేయి పట్టేంత కన్నం పెట్టి ఇచ్చారు. అడిగితే రిసెప్షన్ కుర్రాడు ఓ ప్లాస్టర్ ముక్క తెచ్చి అతికించి, ఇక ఫర్వాలేదన్నట్టు బొటనవేలు చూపించి వెళ్లిపోయాడు. వేడినీళ్లు లేవు. జనవరి తెల్లవారుజామున అక్కడ బాగానే చలి. మా ఆవిడ ఆ పొద్దుటంతా నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం చెబుజెన్ తిన్నాక కాస్త మెత్తబడింది. చేపలూ కూరగాయలూ ఉడికించిన ఆ రసంలోనే నూకలు ఉడికిస్తారు. ప్లేటు 2,500. ఔను, నూకలే. వాళ్లకి మంచి బియ్యంకంటే నూకలంటేనే ఇష్టం. మా కాకినాడ రేవు నుంచి పడమటి ఆఫ్రికాకి బియ్యం పోతాయని తెలుసుగానీ, తినేచోట కూర్చుని చూడడం ఇదే మొదలు. 2022 సెప్టెంబరులో మనవాళ్లు నూకల ఎగుమతి ఆపేసినప్పుడు తన ఆఫీసులో అందరూ తననే నిలదీశారని బావమరిది నవ్వాడు.

మర్నాడు శనివారం పొడోర్ చేరాం. నది అవతలి గట్టు మారిటేనియా. ఏటి ఒడ్డున పాత వర్తకుల ఇంట్లో గది 25,000, శుభ్రంగా ఉంది, దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. ఫ్రెంచివాళ్లు 1744లో కట్టిన కోటని అరగంటలో చూసేశాం. కోట బయట తగులుకున్నాడు గైడు.

కారు, పెట్రోలు, వివరణ అన్నీ కలిపి యాభై వేలు అన్నాడు. బావమరిది ఫ్రెంచిలో బేరమాడి నలభైకి దించి, గెలిచినట్టు నావైపు చూశాడు. గంటసేపు దుమ్ములో పోయి, తుమ్మచెట్ల మధ్య మనిషెత్తు దిబ్బ దగ్గర ఆపాడు. వార్ జాబి కోట ఇదేనట. ఇక్కడ సింహాసనం, అక్కడ గుర్రాల సాల! కింద నుంచి ఓ పెంకు తీసి, పదకొండో శతాబ్దపు కుండ అని మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని తిప్పి చూసి నాకందించింది.

"ఏవండీ, వెనకాల సిమెంటు అంటుకుని ఉంది చూడండి."

బావమరిది దాన్ని ఫ్రెంచిలోకి మార్చలేదు. "బావా, డబ్బులు ముందే ఇచ్చేశాను" అన్నాడు నెమ్మదిగా.

సాయంత్రం మా బస యజమాని చుట్టం ఒకాయన, రిటైరైన మాస్టారు, ఈ కథ విని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. అది పాత ఇటుకల బట్టీ దిబ్బట. తక్రూర్ పట్నం ఈ చుట్టుపక్కలే ఉండేదని చాలామంది అంటారుగానీ, ఫలానా చోటు అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదట. "రాజధాని కోసం వెతకడం దేనికి, దాని పేరు మా మీదే ఉందిగా" అన్నారు. ఇక్కడి పులార్ మాట్లాడే జనాన్ని ఫ్రెంచివాళ్లు తుకులేర్ అన్నారు, అది తక్రూర్ నుంచి వచ్చిన మాటే. అరబ్బు దేశాల్లోనైతే పడమటి ఆఫ్రికా నుంచి హజ్‌కి వచ్చే ప్రతివాణ్నీ తక్రూరీ అనేవారట.

మమ్మల్ని ఏటిగట్టు వెంట నడిపించారు. వరద తీసిన నేలని వాలో అంటారు, వానల మీద ఆధారపడే మెరకని జేరి అంటారు. వాలోలో నీరు దిగుతుండగానే జొన్న వేస్తారు, ఒండ్రు తడితోనే పంట చేతికొస్తుంది. మా లంక భూముల్లో పుట్టినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఎనభైల్లో దిగువన దియామా, ఎగువన మనంతాలి ఆనకట్టలు కట్టాక వరద మునుపటిలా రావడం లేదని మాస్టారి బాధ. ఎడారికీ పచ్చని నేలకీ మధ్య ఇంత పంట పండే లోయ ఉంది కాబట్టే ఇక్కడ రాజ్యం లేచింది. సముద్రతీరంలోని అవ్‌లీల్ నుంచి ఉప్పు పడవల మీద ఎగువకి వచ్చేది. ఉత్తరాది వర్తకులు ఉన్ని, రాగి, పూసలు తెచ్చి బంగారాన్నీ బానిసల్నీ పట్టుకుపోయేవారు. పక్కనే ఉన్న సిల్లా పట్నంలో జొన్నలు, ఉప్పు, రాగి కడియాలు, నూలు గుడ్డలే డబ్బుగా చెల్లేవని అల్ బక్రీ రాశాడు. మా గైడుకి నలభై వేలకి సరిపడా జొన్నలు కొలిచి ఇచ్చుంటే, మోసుకుపోవడానికైనా కష్టపడేవాడు.

రాత్రి మాస్టారి ఇంట్లోనే భోజనం. శనివారం, మా ఆవిడ నీచు ముట్టదు. ఎలా చెప్పాలా అని నాకు ఒకటే టెన్షన్. ఆయన భార్య పెద్ద చెక్క గిన్నె తెచ్చి చాప మీద పెట్టారు. ఆవిరి మీద ఉడికించిన సజ్జ రవ్వ, పొడిపొడిగా, పైన పుల్లటి పెరుగు, కాస్త పంచదార. లచ్చిరి ఎ కొసమ్ అంటారట. అందరం ఒకే గిన్నె చుట్టూ కూర్చున్నాం. ఎవరి ముందున్నది వాళ్లే తినాలి, పక్కవాళ్ల వైపు చెయ్యి పోకూడదు. నా ముందు పెరుగు అయిపోతే ఆవిడ గమనించి గరిటెతో ఇంకాస్త నా వైపు పోశారు. తక్రూర్ జనం జొన్నలు, చేపలు, పాడి తిని బతుకుతారని అల్ ఇద్రీసీ అనే ఇంకో భూగోళ రచయిత 1154లో రాసిన ముక్క అప్పుడు గుర్తొచ్చింది. మాస్టారికి చెబితే, "చేపలు కూడా ఉన్నాయి, మీ ఆవిడ తినరని మీ బావమరిది చెప్పాడు, వంటింట్లో పెట్టేశాం" అన్నారు.

డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మర్నాడు కొట్లో రెండు కిలోల పంచదార, ఒక గ్రీన్ టీ పెట్టె కొని ఇచ్చాం, మొత్తం 3,200. రెండు రోజులుగా ముభావంగా ఉన్న మా ఆవిడ, ఆ సజ్జ రవ్వ అంత పొడిగా ఎలా వస్తుందో మాస్టారి భార్యని సైగలతో అడుగుతూ వంటింట్లో ఉండిపోయి, మేం ఎక్కాల్సిన కారు కాస్తా తప్పించింది.