రాతి నేల మీద రెవిట్ టోపోసాలిడ్: కొన్నేళ్లు వాడాక

హైదరాబాద్‌కి పడమటి వైపు చదునైన ప్లాట్ దొరకడం అరుదు. మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, కోకాపేట... ఎక్కడికెళ్లినా ఒక మూల గుట్ట, ఇంకో మూల గుంత. ఆ రెంటి మధ్యే సెల్లార్లు దింపాలి, ర్యాంప్ తేవాలి, వాననీళ్లు పక్కవాళ్ల కాంపౌండ్ గోడ మీద పడకుండా చూడాలి. అందుకే మా ఆఫీసులో సైట్ మోడల్ అంటే ముందు తవ్వకం లెక్క, పచ్చగడ్డి రెండర్ల సంగతి తర్వాత. రెవిట్ అనే బిల్డింగ్ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పని, నేలని చూపించే పాత టూల్ టోపోసర్ఫేస్ రోజుల నుంచీ చేస్తున్నాను. 2024 వెర్షన్‌లో దాని బదులు టోపోసాలిడ్ వచ్చాక పూర్తిగా దాని మీదకే మారిపోయాం. మట్టి వరకైతే అది మంచి పనిముట్టు, ఎవరికైనా ధైర్యంగా చెప్తాను. రాయి మొదలయ్యే చోట మాత్రం సాఫ్ట్‌వేర్‌కి ఏమీ తెలియదు. అక్కడ మనమే పూనుకోవాలి.

పాతది వాడనివాళ్ల కోసం రెండు ముక్కలు. టోపోసర్ఫేస్‌కి మందం ఉండేది కాదు. సెక్షన్ (నిలువు కోత) తీస్తే కనిపించే మట్టి హ్యాచ్ (గీతల నింపుడు) కూడా సైట్ సెట్టింగ్స్‌లో పెట్టిన ఒక్క మెటీరియలే, ప్లాట్ అంతటికీ అదే. సెల్లార్ కోసం గుంత కావాలంటే నేలని ఒక మట్టానికి కోసే బిల్డింగ్ ప్యాడ్ వేయాలి. ఒక ప్యాడ్ మీద ఇంకో ప్యాడ్ ఎక్కకూడదు. రెండు మట్టాల సెల్లార్, పక్కన లిఫ్ట్ పిట్, ఇంకో పక్క సంప్ ఉంటే ప్యాడ్ల అంచులు కలపడానికే సాయంత్రమయ్యేది. టోపోసాలిడ్‌కి ఫ్లోర్ లాగే టైప్ ఉంటుంది, పొరలు ఉంటాయి, మందం ఉంటుంది. పాయింట్ పట్టుకుని పైకీ కిందకీ లాగొచ్చు. డ్రైవ్‌వే, లాన్, నడకదారి లాంటివి సబ్‌డివిజన్లుగా గీస్తే నేల వాలుని అవే పట్టుకుంటాయి. ఆ బాధ తీరింది.

ఇక సర్వే ఫైల్. సగం తప్పులు ఇక్కడే పుడతాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. టోటల్ స్టేషన్ (కోణం, దూరం కొలిచే పరికరం) తోనో డీజీపీఎస్ (ఉపగ్రహాలతో కచ్చితంగా స్థానం కొలిచే పరికరం) తోనో చేసిన సర్వే మన చేతికొచ్చేసరికి ఒక్కో లైన్ ఇలా ఉంటుంది:

214,1925806.412,216348.905,561.280,రాక్

మొదటిది పాయింట్ నంబర్, తర్వాత నార్తింగ్ (ఉత్తరం వైపు దూరం), ఈస్టింగ్ (తూర్పు వైపు దూరం), ఎత్తు, చివర సర్వేయర్ రాసుకున్న గుర్తు. రెవిట్‌కి మాత్రం ఎక్స్, వై, జెడ్ అనే వరసలో అంకెలు కావాలి, అవే ముందుండాలి. అంటే పాయింట్ నంబర్ కాలమ్ తీసేయాలి, ఈస్టింగ్‌ని ముందుకి తేవాలి. ఈ మార్పిడి చేయకపోతే ప్లాట్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. పైగా తప్పు వెంటనే బయటపడదు. విస్తీర్ణం అదే, ఎత్తులు అవే, కాంటూర్లూ (ఒకే ఎత్తుని కలిపే గీతలు) చక్కగానే కనిపిస్తాయి. హద్దుల డ్రాయింగ్ తెచ్చి పైన పెట్టినప్పుడు గానీ రోడ్డు రెండో పక్కకి వెళ్లిపోయిందని తెలియదు. అందుకే మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజే చెప్పే రూలు ఒకటుంది: టోపో పుట్టగానే రెండు మూలల్లో స్పాట్ కోఆర్డినేట్ (ఆ చోటి అంకెలు చూపే గుర్తు) పెట్టి సర్వే షీట్‌తో పోల్చాలి, ఆ తర్వాతే టీకి లేవాలి.

రెండో గొడవ ఆ అంకెల సైజుతో. యూటీఎం అంటే భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే మ్యాప్ గ్రిడ్. హైదరాబాద్ దాని 44 నార్త్ జోన్‌లో పడమటి అంచుకి దగ్గరగా ఉంది. మన సైట్లకి ఈస్టింగ్ రెండు లక్షల పైచిలుకు మీటర్లు, నార్తింగ్ పందొమ్మిది లక్షల పైచిలుకు. రెవిట్ మోడల్ దాని మూలబిందువు చుట్టూ ఈ చివర నుంచి ఆ చివరకి 20 మైళ్లు, అంటే సుమారు 32 కిలోమీటర్లు దాటకూడదు. దాటితే గీతలు వణుకుతాయి, హ్యాచ్‌లు చెదురుతాయి, స్నాప్‌లు పట్టవు. అందుకే ఎక్సెల్‌లోనే ఈస్టింగ్ నుంచి 2,16,000, నార్తింగ్ నుంచి 19,25,000 లాంటి గుండ్రటి అంకెని తీసేసి టోపో చేస్తాం. తర్వాత 'స్పెసిఫై కోఆర్డినేట్స్ ఎట్ పాయింట్' తో అసలు విలువలు ఇచ్చేస్తాం. తీసేసిన అంకెని టైటిల్ బ్లాక్ పక్కన నోట్‌గా రాసి పెడతాం. అది ఒక్క మనిషి బుర్రలోనే ఉంటే ఆ మనిషి ఉద్యోగం మారిన రోజు అందరికీ టెన్షన్.

జోన్ అంచున ఉండటం వల్ల ఇంకో రెండు తేడాలు వస్తాయి. గ్రిడ్ ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఇక్కడ ముప్పావు డిగ్రీ దాకా తేడా ఉంటుంది. ఈ ముప్పావు డిగ్రీతో వాస్తు మారిపోదు గానీ, వంద మీటర్ల హద్దు గీత చివర అది మీటరు పైనే. ఎవరైనా ట్రూ నార్త్ సరిచేస్తున్నానని మోడల్ తిప్పి, సైట్‌లో మార్కింగ్ మాత్రం గ్రిడ్ ప్రకారం ఇస్తే పిల్లర్ గుంత పక్కవాళ్ల హద్దులో పడుతుంది. రెండోది స్కేల్. ఇక్కడ యూటీఎం దూరం, నేల మీద టేపుతో కొలిచే దూరం కంటే వంద మీటర్లకి దాదాపు ఐదు సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. రెండొందల గజాల ఇంటికి ఇది పట్టించుకోనక్కర్లేదు. ఎకరాల్లో ఉన్న గేటెడ్ కమ్యూనిటీకి పట్టించుకోవాలి. సర్వేయర్ ఇచ్చింది గ్రిడ్ దూరమా, నేల దూరమా అని అడిగి రాయించుకోవాలి. రెవిట్ ఈ ప్రశ్న మనల్ని అడగదు.

ఎత్తుల సంగతి ఇంతకంటే చిత్రం. డీజీపీఎస్ ముడి ఎత్తుని ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నమూనా గోళం) నుంచి కొలుస్తుంది. మన దగ్గర అది సముద్రమట్టం ఎత్తు కంటే డెబ్బై మీటర్లకు పైగా తక్కువ చూపిస్తుంది. 550 ఉండాల్సిన సైట్ 475 అని వస్తే సర్వే తప్పని కాదు, సవరణ చేయలేదని అర్థం. చిన్న ప్లాట్లకైతే గేటు దగ్గర ఒక బెంచ్‌మార్క్ పెట్టి దాన్నే 100.000 అనుకుని కానిచ్చేస్తారు. ఇంటి వరకు దానితో ఇబ్బంది లేదు. పక్కన చెరువుంటే మాత్రం కుదరదు. హుస్సేన్‌సాగర్ ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) 513.41 మీటర్లని, ఉస్మాన్‌సాగర్‌ది 1,790 అడుగులని వానాకాలం వార్తల్లో వింటూనే ఉంటాం. అవన్నీ సముద్రమట్టం నుంచి చెప్పే ఎత్తులు. మన టోపో కూడా అదే లెక్కలో ఉంటేనే ఎఫ్‌టీఎల్ మట్టంలో ఒక పలుచటి మాస్ (సాదా ఘనాకారం) పెట్టి నీళ్లు ఎంతవరకు రావచ్చో చూడగలం. అయితే బఫర్ గీతని (చెరువు చుట్టూ ఖాళీ వదలాల్సిన హద్దుని) మాత్రం ఆ మోడల్ నుంచి గీయకండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు అన్న లెక్క అధికారిక ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి మొదలవుతుంది. మన కాంటూర్ ఎంత అందంగా ఉన్నా ఆ హద్దు హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాప్‌లో ఉన్నదే.

ఇప్పుడు రాయి. టోపోసాలిడ్ పొరలంటే పై మట్టానికి సమాంతరంగా పోయే పొరలు. అర మీటరు పై మట్టి, మీటరున్నర మొరం, కింద రాయి అని టైప్‌లో పెడితే సెక్షన్‌లో దుప్పటి మీద దుప్పటి పరిచినట్టు ముచ్చటగా వస్తుంది. మన గ్రానైట్ అలా ఉండదు. ఒక మూల షీట్ రాక్ బయటికే కనిపిస్తుంది, పది అడుగులు జరిగితే మనిషిలోతు మొరం. ఒక సైట్‌లో తవ్వకం కాంట్రాక్టర్ మా సెక్షన్ షీట్ చూసి, "మీ కంప్యూటర్ల అంతా మట్టే ఉంది సార్. ఈడ బకెట్ పెట్టంగనే రాయి తగుల్తున్నది," అన్నాడు. ఆయన మాటలో ఎగతాళి లేదు. ఆయనకి మొరానికి ఒక రేటు, బ్రేకర్‌తో కొట్టే రాయికి ఇంకో రేటు, ఇళ్ల మధ్య బ్లాస్టింగ్ కుదరక కెమికల్ పోసి పగలగొట్టే రాయికి మరో రేటు. మొత్తం ఇన్ని ఘనపు మీటర్లు అని ఒకే అంకె ఇస్తే ఆయనకి దాంతో పని లేదు.

కాబట్టి మేం రెండు టోపోసాలిడ్లు చేస్తాం. మొదటిది సర్వే నుంచి వచ్చిన నేల. రెండోది గట్టి రాయి పై మట్టం. మట్టి పరీక్షల రిపోర్టులో ఒక్కో బోర్ దగ్గర ఎంత లోతులో గట్టి రాయి తగిలిందో ఉంటుంది. ట్రయల్ పిట్‌లు తీస్తే అక్కడా తెలుస్తుంది. రాయి బయటికి కనిపించే చోట్ల సర్వేయర్ 'రాక్' అని గుర్తు పెట్టిన పాయింట్లు అలాగే పనికొస్తాయి. వీటన్నిటినీ ఎక్స్, వై, జెడ్ ఫైల్‌గా రాసి ఇంకో టోపోసాలిడ్ పుట్టిస్తే సరి. 2025 వెర్షన్ నుంచి ఎక్స్‌కవేట్ అనే టూల్ ఉంది. సెల్లార్ ఫ్లోర్‌ని చూపిస్తే టోపోసాలిడ్‌ని తవ్వి, తవ్విన వాల్యూమ్ చెప్తుంది. నేలని తవ్వితే మొత్తం వస్తుంది, రాయి సాలిడ్‌ని తవ్వితే రాయి వాటా వస్తుంది. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మట్టి, మొరం వాటా. రెండు సాలిడ్లూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కదా, సెక్షన్ పాడవదా అని అడుగుతారు. రాయి సాలిడ్‌ని వేరే వర్క్‌సెట్‌లో (విడిగా ఆపి, వెలిగించగల గుంపులో) పెట్టి డ్రాయింగ్ షీట్లలో ఆపేస్తాం, లెక్కల వ్యూలో మాత్రమే వెలిగిస్తాం.

ఆ అంకెని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. బోర్ల మధ్య రెవిట్ తిన్నగా త్రిభుజాలు గీసేస్తుంది. నాలుగు మూలలా, మధ్యలో ఒకటి బోర్లు వేస్తే వాటి మధ్య రాయి సాఫీగా వాలినట్టే చూపిస్తుంది. నిజానికి ఆ మధ్యలో ఒక గుండు నిక్కి ఉండొచ్చు. ఇంకొక బోర్ వేయించమని అడగడానికి ఆ మోడలే మంచి సాక్ష్యం. పెద్ద పెద్ద త్రిభుజాలు చూపించి, "ఇక్కడ మనకి ఏమీ తెలియదండీ" అంటే క్లయింట్ ఒప్పుకుంటాడు. ఇంకో మాట, వచ్చిన వాల్యూమ్ నేలలో ఉన్నప్పటిది. పగలగొట్టిన రాయి ఒకటిన్నర రెట్ల దాకా ఉబ్బుతుంది. టిప్పర్ల లెక్క వేసేవాళ్లు ఆ గుణకం వేరే కలుపుకోవాలి, షెడ్యూల్‌లో ఒక క్యాలిక్యులేటెడ్ కాలమ్ పెడితే చాలు.

టోపోసాలిడ్‌కి అసలు చేతకాని పని ఒకటుంది. ఒకే ఎక్స్, వై దగ్గర రెండు ఎత్తులు పెట్టలేం. ఖాజాగూడ, జూబ్లీహిల్స్ వైపు గుండు మీద గుండు నిలబడి, కింద మేక దూరేంత సందు ఉంటుంది చూడండి, అలాంటిది టోపోలో రాదు. ఆర్కిటెక్ట్ ఆ గుండుని ఇంటి డిజైన్‌లో ఉంచుకోవాలనుకుంటే దాన్ని విడిగా మాస్‌గానో, స్కాన్ నుంచి తెచ్చిన మెష్‌గానో పెట్టాలి. రిటైనింగ్ గోడ దగ్గర కూడా ఇదే సమస్య చిన్న రూపంలో వస్తుంది. గోడ పైన ఒక మట్టం, కింద ఒక మట్టం అంటే రెండు వరసల పాయింట్లని గోడ మందమంత ఎడంతో దగ్గర దగ్గరగా వేయాలి. సివిల్ త్రీడీ అనే రోడ్లు, నేల డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో బ్రేక్‌లైన్ (వాలు ఒక్కసారిగా మారే గీత) తో తీరిపోయే పని ఇక్కడ చేత్తో చేసుకోవాలి. వాలు రోడ్లు ఎక్కువున్న లేఅవుట్ అయితే సివిల్ త్రీడీలో సర్ఫేస్ చేయించి రెవిట్‌కి తెచ్చుకోవడమే మేలు.

కాంటూర్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అర మీటరు ఎడంతో టైప్‌లో పెట్టుకుంటే లేబుల్స్‌తో సహా బాగానే వస్తాయి.

ఇస్రో మ్యాప్ పోర్టల్ భువన్‌లో దొరికే ఉచిత ఎలివేషన్ (నేల ఎత్తుల) డేటాతో పని కానిచ్చేద్దామని కొందరు అడుగుతారు. దాన్ని నడిపే బాలానగర్ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల డేటా మంచిదే, కానీ 30 మీటర్ల గ్రిడ్. ఐదొందల గజాల ప్లాట్ మొత్తం ఒక్క గడిలో మునిగిపోతుంది. చుట్టుపక్కల గుట్టలు ఎటు వాలుతున్నాయో, వాననీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చూడటానికి వాడండి, తవ్వకానికి వద్దు. ఇంకో త్రీడీ సాఫ్ట్‌వేర్ స్కెచప్‌లోని శాండ్‌బాక్స్ (నేల మలిచే టూల్స్) మొదటి మీటింగ్‌కి ఇప్పటికీ నాకు ఇష్టమే, 'స్టాంప్' తో ఇంటిని వాలు మీద కూర్చోబెట్టడం నిమిషాల పని. రెవిట్ లాంటిదే అయిన ఆర్కిక్యాడ్ మెష్ టూల్‌ని స్నేహితుల ఆఫీసులో చూశాను, సర్వేయర్ ఫైల్‌ని అది నేరుగా తీసుకుంటుంది.

కొనాలా వద్దా అని కాదు గానీ ఏ వెర్షన్ అని అడిగితే, తవ్వకం లెక్కలు అక్కర్లేనివాళ్లకి 2024 చాలు. సెల్లార్లు తవ్వేవాళ్లు 2025కో ఆ పైదానికో వెళ్లాలి, ఎక్స్‌కవేట్ ఒక్కటే ఆ మార్పుకి సరిపోయే కారణం. పాత ఫైల్‌ని పైకి తెచ్చాక దాంట్లోని టోపోసర్ఫేస్‌ల నుంచి టోపోసాలిడ్లు పుట్టించుకోవాలి. మారాక పాత ప్యాడ్లు ఉన్న చోట్ల సెక్షన్లు కోసి ఒకసారి చూసుకోండి. వెనక్కి వెళ్లే దారి లేదు కాబట్టి కాపీ మీదే చేయండి. సైట్‌ని విడి ఫైల్‌గా ఉంచి, బిల్డింగ్ ఫైల్‌లో లింక్ చేసి, షేర్డ్ కోఆర్డినేట్స్ పంచుకోండి. కన్సల్టెంట్లందరూ ఏ వెర్షన్‌లో ఉన్నారో మొదటి మీటింగ్‌లోనే తేల్చుకోండి. మా స్ట్రక్చరల్ వాళ్లు ఇంకా 2023లోనే ఉన్నారు, మా సైట్ ఫైల్ వాళ్ల దగ్గర తెరుచుకోదు. వాళ్లకి ప్రస్తుతం కాంటూర్లు డీడబ్ల్యూజీగా (ఆటోక్యాడ్ ఫైల్‌గా), రాయి మట్టం ఎక్సెల్ షీట్‌గా పంపుతున్నాం.