వీసా అక్కర్లేని వాళ్లే వెనకబడ్డారు: అమెరికాలో మార్షలీస్, ఇండొనేషియన్లు

పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల వాళ్లు (మార్షలీస్) వీసా లేకుండానే అమెరికా వచ్చి ఉద్యోగం చేసుకోవచ్చు. 1986లో అమల్లోకి వచ్చిన ఒప్పందం ఆ హక్కు ఇచ్చింది. ఇండొనేషియన్లకు అలా కుదరదు. చదువుకో ఉద్యోగానికో వీసా తెచ్చుకోవాలి, లేదా అక్కడున్న కుటుంబం పిలిపించుకోవాలి. అయినా ఆదాయంలో ఇండొనేషియన్లే చాలా ముందున్నారు.

నా దృష్టిలో పెద్ద కారణం ఆ వీసాయే. దాన్ని దాటి రాగలిగేది ఎక్కువగా డిగ్రీ, చేతిలో కొంత డబ్బు ఉన్నవాళ్లు. అందరూ కాదులెండి. ఇండొనేషియాలో 1998 అల్లర్ల తర్వాత అమెరికాలోని ఫిలడెల్ఫియా చేరిన చాలామంది ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో పనిచేశారు. ఆశ్రయం దొరకనివాళ్లకు డిపోర్టేషన్ టెన్షన్ కూడా.

మార్షలీస్ పెద్ద సంఖ్యలో ఉన్న ఊరు ఆర్కన్సాస్‌లోని స్ప్రింగ్‌డేల్. అక్కడ చాలా ఇళ్లకు కోళ్ల ప్రాసెసింగ్ ప్లాంట్లే ఆధారం. పెద్ద కుటుంబాలు, చిన్న జీతాలు. షుగర్ జబ్బు విపరీతం. అలాంటి వాళ్లకు 1996 చట్టం ఫెడరల్ మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) తీసేసింది, మళ్లీ 2020 చివర్లో గానీ ఇవ్వలేదు. పన్నులు మాత్రం కడుతూనే వచ్చారు! 1946-58 మధ్య వాళ్ల దీవుల్లో 67 అణు పరీక్షలు చేసిన దేశం ఇలా చేయడం ఘోరమైన అన్యాయం. ఫుడ్ స్టాంపుల (తిండి సరుకులకు ప్రభుత్వ సాయం) అర్హత కూడా 2024లోనే దక్కింది.