సీఐఏ టార్చర్ రిపోర్ట్ సారాంశం: ఫుట్‌నోట్లతో సహా చదవండి

9/11 దాడుల తర్వాత అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ బందీల్ని రహస్య జైళ్లలో చిత్రహింసలు పెట్టి విచారించిన కార్యక్రమం మీద అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ 2014 డిసెంబర్‌లో విడుదల చేసిన ఈ సారాంశం పీడీఎఫ్‌గా ఉచితంగానే దొరుకుతుంది. 500 పేజీలు దాటినా భాష తేలికే. రహస్యమని కొట్టేసిన నల్లగీతలే చిరాకు పెడతాయి. 6,700 పేజీల అసలు రిపోర్ట్ ఇంకా రహస్యమే.

సీఐఏ బందీ గుల్ రహమాన్ కథ దగ్గర నేను ముందుకు కదల్లేకపోయాను. 2002 నవంబర్‌లో అఫ్గానిస్థాన్‌లోని రహస్య జైల్లో నడుము కింద బట్టల్లేకుండా, సిమెంటు నేల మీద గొలుసులతో కట్టి కూర్చోబెట్టారు. చలికి చచ్చిపోయాడు. నాలుగు నెలలకే అలా కట్టేయించిన ఆఫీసరుకి 2,500 డాలర్ల బహుమతికి సిఫార్సు! ఒళ్లు మండిపోయింది.

ఈ కార్యక్రమం నడిపిన అధికారుల్లో ఒక్కరి మీదా కేసు లేదు. వాటర్‌బోర్డింగ్ (ముఖం మీద గుడ్డ కప్పి నీళ్లు పోసి ఊపిరాడకుండా చేసే హింస) సంగతి 2007లో టీవీలో చెప్పిన సీఐఏ మాజీ అధికారి జాన్ కిరియాకుకి మాత్రం, రహస్య అధికారి పేరు బయటపెట్టాడన్న కేసులో 30 నెలల జైలు.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఐదోది పూర్తి రిపోర్ట్ బయటికొచ్చాకే.